చేపల్లో ఒత్తిడి, రోగనిరోధక శక్తి: చెరువులో వ్యాధి ఎక్కడ మొదలవుతుంది?

చెరువులో చేపలు చనిపోయి తేలినప్పుడు రైతు మొదట వెతికేది మందును. నీటిలోకి కొత్త రోగమేదో ప్రవేశించిందని, దానిని చంపే రసాయనం చల్లితే గండం గడుస్తుందని భావించడం సహజం. మత్స్య వ్యాధుల శాస్త్రం మాత్రం వేరే మాట చెబుతుంది. మంచినీటి చేపలను తరచుగా పీడించే బ్యాక్టీరియాలో చాలా భాగం చెరువుకు కొత్తవి కావు. అవి ఆ నీటిలో, అడుగు మట్టిలో, ఆరోగ్యంగా ఉన్న చేపల పేగుల్లో కూడా ఎల్లప్పుడూ ఉంటాయి. పుండ్లకు, పొట్ట ఉబ్బుకు, తోక కుళ్లుకు కారణమయ్యే ఏరోమోనాస్ హైడ్రోఫిలా అటువంటిదే.

నెలల తరబడి ఏ హానీ చేయని క్రిమి ఒక్క వారంలో వందలాది చేపలను ఎందుకు బలిగొంటుంది? దీనికి సమాధానం క్రిమిలో కన్నా చేప శరీరంలోనూ, దాని చుట్టూ ఉన్న నీటిలోనూ ఎక్కువగా దొరుకుతుంది. తట్టుకోగల హద్దు దాటి ఒత్తిడికి గురైన చేప తన రోగనిరోధక శక్తిని కోల్పోతుంది. అంతవరకు అదుపులో ఉన్న క్రిమికి అదే అదనుగా మారుతుంది.

చేపల పెంపకంలో ప్రపంచంలో రెండవ స్థానంలో ఉన్న భారతదేశానికి, దేశంలో చేపల ఉత్పత్తిలో మొదటి స్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు ఇది కేవలం శాస్త్ర విషయం కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో, కొల్లేరు పరిసరాల్లో వేలాది కుటుంబాల జీవనోపాధి ఈ చెరువుల మీదే ఆధారపడి ఉంది. అక్కడ నష్టాన్ని తగ్గించే మార్గం మందు డబ్బాలో ఉందా, నీటి నిర్వహణలో ఉందా అన్నది ప్రతి పంటలోనూ ఎదురయ్యే ప్రశ్న.

ఒత్తిడి అంటే ఏమిటి?

ఒత్తిడి అనే మాటను జీవశాస్త్రంలో స్థిరపరచినవారు హాన్స్ సెల్యే. ఎలుకలపై చేసిన ప్రయోగాల ఆధారంగా ఆయన 1936లో ఒక సిద్ధాంతాన్ని ప్రకటించారు. చలి, గాయం, విషం వంటి కారణాలు వేర్వేరైనా శరీరం వాటికి ఒకే తీరులో స్పందిస్తుందని దాని సారాంశం. మొదట శరీరం ఉలిక్కిపడి సర్వశక్తులనూ కూడగట్టుకుంటుంది. తరువాత ఎదురు నిలిచి తట్టుకుంటుంది. కారణం తొలగకపోతే చివరకు అలసిపోయి కుంగిపోతుంది. చేపల విషయంలోనూ ఈ క్రమం చాలా వరకు వర్తిస్తుందని తరువాతి దశాబ్దాల పరిశోధనలు చూపాయి.

చేపకు ఒత్తిడి కలిగించే కారణాలను మూడు తరగతులుగా చెప్పుకోవచ్చు. ప్రాణవాయువు తగ్గడం, అమ్మోనియా పెరగడం, ఉష్ణోగ్రత హఠాత్తుగా మారడం నీటికి సంబంధించినవి. వల లాగడం, చేతితో పట్టడం, తూకం వేయడం, రవాణా చేయడం మనిషి చేతికి సంబంధించినవి. కిక్కిరిసి ఉండడం, బలమైన చేప బలహీనమైన దానిని తరమడం, చేప పేను వంటి పరాన్నజీవులు పట్టడం జీవసంబంధమైనవి. వీటిలో ఏ ఒక్కటైనా కొద్దిసేపే ఉంటే చేప కోలుకుంటుంది. రెండు మూడు కలిసి వచ్చినా, ఒకటే రోజుల తరబడి కొనసాగినా పరిస్థితి మారిపోతుంది.

చేప శరీరంలో జరిగే మార్పులు

ప్రమాదం ఎదురైన క్షణాల్లోనే చేప రక్తంలోకి అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పుంజుకుంటుంది, మొప్పలకు రక్తప్రసరణ పెరుగుతుంది, పారిపోవడానికి కావలసిన శక్తి కండరాలకు అందుతుంది. దీని వెనుకనే రెండవ స్పందన మొదలవుతుంది. మెదడులోని హైపోథాలమస్ నుంచి పీయూష గ్రంథికి, అక్కడి నుంచి మూత్రపిండపు ముందుభాగానికి హార్మోన్ల ద్వారా సందేశం చేరుతుంది. అక్కడి కణాలు కార్టిసాల్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. రక్తంలో దాని పరిమాణం నిమిషాల్లో పెరుగుతుంది. ట్రౌట్, సాల్మన్ జాతి చేపల్లో విశ్రాంతి స్థితిలో ఒక మిల్లీలీటరు రక్తద్రవంలో కార్టిసాల్ సాధారణంగా 10 నానోగ్రాముల లోపే ఉంటుంది. తీవ్రమైన ఒత్తిడికి లోనైనప్పుడు అది అనేక రెట్లు పెరుగుతుంది. కారణం తొలగితే కొన్ని గంటల్లో, లేదా ఒకటి రెండు రోజుల్లో మామూలు స్థాయికి దిగివస్తుంది.

కార్టిసాల్ శత్రువు కాదు. కాలేయంలో నిలవ ఉన్న శక్తిని చక్కెర రూపంలో రక్తంలోకి తెచ్చి ఆపదను దాటించేది అదే. ఎముక చేపల్లో శరీరంలోని లవణాల సమతూకాన్ని కాపాడే పని కూడా ప్రధానంగా దానిదే. అయితే ఈ ఏర్పాటు స్వల్పకాలిక ఆపద కోసం ఉద్దేశించినది. ఆపద రోజుల తరబడి సాగితే పెరుగుదలకు, సంతానోత్పత్తికి, రోగాలతో పోరాటానికి దక్కవలసిన శక్తి కేవలం ప్రాణం నిలుపుకోవడానికే ఖర్చవుతుంది. మేత తిన్నా చేప బరువు పెరగకపోవడం దీని తొలి ఫలితాల్లో ఒకటి.

మంచినీటి చేపకు మరొక చిక్కు ఉంది. దాని రక్తం చుట్టూ ఉన్న నీటి కన్నా ఉప్పగా ఉంటుంది. అందువల్ల నీరు మొప్పల గుండా నిరంతరం లోపలికి చేరుతుంది, లవణాలు బయటికి పోతాయి. ఒత్తిడిలో మొప్పలకు రక్తప్రసరణ పెరిగినప్పుడు ప్రాణవాయువు ఎక్కువగా అందే మాట నిజమే, కానీ లవణాల నష్టం కూడా అంతే వేగంగా జరుగుతుంది. పిల్ల చేపల రవాణాలో నీటికి కొద్దిగా ఉప్పు కలిపే పద్ధతికి శాస్త్రీయ ఆధారం ఇదే.

రోగనిరోధక శక్తి ఎలా సడలుతుంది?

చేపకు మొదటి రక్షణ కవచం చర్మంపై ఉండే జిగురు. ముట్టుకుంటే జారిపోయే ఆ పొరలో క్రిముల గోడలను కరిగించే లైసోజైమ్, ప్రతిరక్షకాలు, సూక్ష్మజీవులను చంపే ఇతర పదార్థాలు ఉంటాయి. అది నిత్యం ఊరుతూ, తనకు అంటుకున్న క్రిములను కడిగివేస్తుంది. మోటు వల రాపిడికి, పొడి చేతుల స్పర్శకు, గట్టి తొట్టి అంచుకు ఈ పొర చెదిరిపోతుంది. పొలుసు ఊడిన చోట క్రిమికి నేరుగా దారి ఏర్పడుతుంది.

రెండవ రక్షణ శరీరం లోపల ఉంది. మనుషుల్లో రక్తకణాలు ప్రధానంగా ఎముక మజ్జలో తయారవుతాయి. చేపల్లో ఆ పనిని మూత్రపిండపు ముందుభాగం నిర్వహిస్తుంది. తల వెనుక ఉండడం వల్ల దీనిని శాస్త్రవేత్తలు తల మూత్రపిండం అంటారు. కార్టిసాల్ ఊరేది కూడా ఇదే అవయవంలో. అంటే రోగంతో పోరాడే కణాలు పుట్టే చోటు, ఒత్తిడి హార్మోన్ వెలువడే చోటు పక్కపక్కనే ఉన్నాయి. చేపల్లో ఒత్తిడికీ రోగనిరోధక శక్తికీ ఇంత దగ్గరి సంబంధం ఉండడంలో ఆశ్చర్యం లేదు.

కార్టిసాల్ ఎక్కువ కాలం అధికంగా ఉన్నప్పుడు రక్తంలో లింఫోసైట్లనే తెల్లకణాల సంఖ్య తగ్గుతుంది. ప్రతిరక్షకాల తయారీ మందగిస్తుంది. క్రిములను మింగి చంపే భక్షక కణాల చురుకుదనం సన్నగిల్లుతుంది. ఒత్తిడిలో ఉన్న చేపకు టీకా వేసినా దాని ఫలితం పూర్తిగా అందకపోవడానికి ఇదే కారణం. అయితే ప్రతి ఒత్తిడీ నిరోధక శక్తిని తగ్గిస్తుందని చెప్పడం సరికాదు. స్వల్పకాలపు ఒత్తిడి కొన్ని రక్షణ చర్యలను తాత్కాలికంగా చురుకుపరచవచ్చు. హాని చేసేది ప్రధానంగా తీవ్రమైనదీ, దీర్ఘకాలం సాగేదీ, మళ్లీ మళ్లీ ఎదురయ్యేదీ అయిన ఒత్తిడి.

ఈ సంబంధాన్ని స్పష్టంగా చూపిన పరిశోధనల్లో ఒకటి 1980 దశకంలో ఇంగ్లండ్‌లో జరిగింది. పికరింగ్, పాటింజర్ అనే శాస్త్రవేత్తలు బ్రౌన్ ట్రౌట్ చేపల శరీరంలో కార్టిసాల్‌ను అమర్చి, రక్తంలో దాని స్థాయిని చాలా రోజులపాటు అధికంగా ఉంచారు. ఆ చేపలు బ్యాక్టీరియా వ్యాధులకూ, బూజు తెగులుకూ తేలికగా లొంగిపోయాయి. నీరు చెడకపోయినా, కొత్త క్రిమి ప్రత్యేకంగా ప్రవేశపెట్టకపోయినా, ఒక్క హార్మోన్ పెరుగుదలే వ్యాధికి దారి తీయగలదని ఆ ప్రయోగం నిరూపించింది.

మూడు వలయాల సూత్రం

అమెరికాలో మత్స్య వ్యాధుల పరిశోధనకు పునాది వేసినవారిలో ఒకరైన స్టానిస్లాస్ స్నీజ్కో ఈ విషయాన్ని మూడు వలయాల బొమ్మతో వివరించారు. ఒక వలయం చేప, మరొకటి రోగకారక క్రిమి, మూడవది పరిసరం. మూడూ ఒకదానిపై ఒకటి కలిసే చోటే వ్యాధి పుడుతుంది. పరిసరాల ఒత్తిడికీ, చేపల్లో అంటువ్యాధులు చెలరేగడానికీ ఉన్న సంబంధంపై ఆయన 1974లో ప్రచురించిన వ్యాసం నేటికీ ఈ రంగంలో ప్రామాణికంగా నిలిచి ఉంది. క్రిమిని చెరువు నుంచి పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. పరిసరాన్ని చక్కదిద్దడం మాత్రం రైతు చేతిలో ఉన్న పని.

దక్షిణాసియా ఈ సూత్రాన్ని పెద్ద నష్టంతోనే నేర్చుకున్నది. శ్రీలంకలో 1987లోను, బంగ్లాదేశ్, ఈశాన్య భారతదేశాల్లో 1988లోను చేపల శరీరంపై లోతైన ఎర్రని పుండ్లు కనిపించే వ్యాధి చెలరేగింది. కొద్ది సంవత్సరాల్లో అది దేశంలోని అనేక రాష్ట్రాలకు వ్యాపించింది. కొర్రమీను, పరిగ వంటి సహజ జలాల చేపలతోపాటు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కూడా దానికి గురయ్యాయి. నేడు తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొర్రమీను ఆ వ్యాధికి బాగా లొంగే చేపల్లో ఒకటి. సాధారణ కార్పు, తిలాపియా మాత్రం చాలా వరకు తట్టుకున్నాయి.

దీనికి మూలకారణం ఎఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే నీటి బూజు వంటి జీవి అని తరువాత తేలింది. అయితే ఆ జీవి ఒక్కటే ఈ వ్యాధి కథను పూర్తిగా చెప్పదు. ఈ వ్యాధి ఎక్కువగా భారీ వానల తరువాత, నీరు చల్లబడే కాలంలో కనిపిస్తుంది. వరద నీటితో చెరువుల్లో క్షారగుణం పడిపోయి, ఆమ్లత్వం పెరిగి చేప చర్మం దెబ్బతింటుంది. ఆ గాయాల గుండా బూజు లోపలికి చొచ్చుకుపోతుంది. చేప తన శరీర ఉష్ణోగ్రతను తాను నియంత్రించుకోలేదు. నీరు చల్లబడితే దాని రక్షణ కణాల స్పందన కూడా నెమ్మదిస్తుంది. వేసవిలో అదే చేప అదే బూజును ఎదుర్కొని గాయాన్ని మాన్పుకోగలదు. క్రిమి, గాయం, చలి మూడూ కలిసినప్పుడే పుండు ప్రాణాంతకమైంది. భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ ఈ వ్యాధి కోసం సీఫాక్స్ అనే మందును రూపొందించింది. దానితోపాటు చలికాలానికి ముందు సున్నం వేసి నీటి గుణాన్ని సరిదిద్దడం ముఖ్యమైన నివారణ చర్యగా స్థిరపడింది.

చెరువులో ఒత్తిడి మూలాలు

చేప ఊపిరి పీల్చే పరిస్థితిని అర్థం చేసుకుంటే నీటి విలువ తెలుస్తుంది. సముద్ర మట్టం వద్ద 20 డిగ్రీల సెల్సియస్ మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అదే పరిమాణం గాలిలో ఉండే ప్రాణవాయువులో ఇది ముప్పయ్యో వంతు కూడా కాదు. వేడి పెరిగే కొద్దీ చేపకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది, నీటిలో లభ్యత మాత్రం తగ్గుతుంది. ఎండాకాలం చెరువుకు ప్రమాదకరం కావడానికి ఇది ప్రధాన కారణం.

పగటిపూట నీటిలోని పచ్చని నాచు జీవులు సూర్యరశ్మితో ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రి అవే దానిని వాడుకుంటాయి. అందుచేత తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు అత్యల్ప స్థాయికి చేరుతుంది. మబ్బు పట్టిన రోజుల తరువాత ఈ లోటు మరీ ఎక్కువ. కార్పు జాతి చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉండడం మేలు. 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే అవి ఒత్తిడికి గురవుతాయి. మధ్యాహ్నం కొలిచిన నీరు బాగుందని నిశ్చింతగా ఉన్న రైతుకు తెల్లవారుజాము సంగతి తెలియకపోవచ్చు. ప్రతి రాత్రీ కొద్ది గంటలపాటు ఊపిరి సలపని చేప చనిపోకపోయినా క్రమంగా బలహీనపడుతుంది.

అమ్మోనియా మరొక కనిపించని కారణం. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయి కుళ్లిన మేత నుంచి ఇది వెలువడుతుంది. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. వాటిలో ఒకటే తీవ్రమైన విషం. 30 డిగ్రీల వద్ద నీటి పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతానికి లోపే ఉంటుంది. పీహెచ్ 9కి చేరితే అది 40 శాతం దాటుతుంది. నాచు దట్టంగా పెరిగిన చెరువులో మధ్యాహ్నం పీహెచ్ పెరగడం సాధారణం. అంటే తెల్లవారుజామున ప్రాణవాయువు లేమితో సతమతమైన చేప మధ్యాహ్నానికి అమ్మోనియా తాకిడికి గురవుతుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడినట్లుగా ఒక ఒత్తిడి మీద మరొకటి వచ్చి చేరుతుంది.

నైట్రైట్ పెరిగినప్పుడు రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోయి గోధుమ రంగుకు మారుతుంది. అప్పుడు నీటిలో ప్రాణవాయువు తగినంత ఉన్నా చేప దానిని వినియోగించుకోలేదు. చేప పేను చర్మానికి అంటుకుని రక్తం పీల్చుతూ నిత్యం బాధిస్తుంది, అది చేసిన గాయాలు బ్యాక్టీరియాకు ద్వారాలవుతాయి. మేతలో పోషక లోపం కూడా ఒత్తిడే. చాలా చేపలు విటమిన్ సిని తమ శరీరంలో తయారు చేసుకోలేవు. అది మేత ద్వారా అందకపోతే గాయాలు మానడం ఆలస్యమవుతుంది, నిరోధక శక్తి తగ్గుతుంది.

ముందుగా గుర్తించడం

వల లాగిన తరువాత, పిల్లలను వదిలిన తరువాత, వాతావరణం హఠాత్తుగా మారిన తరువాత వ్యాధి వెంటనే బయటపడదు. సాధారణంగా కొన్ని రోజుల నుంచి రెండు వారాల వ్యవధి పడుతుంది. ఈ ఆలస్యం వల్లనే కారణాన్నీ ఫలితాన్నీ జోడించి చూడడం కష్టమవుతుంది. చెరువులో జరిగిన ప్రతి పనినీ తేదీతో పుస్తకంలో రాసుకునే రైతుకు ఆ సంబంధం తేలికగా కనిపిస్తుంది.

మేత తగ్గించడం చేప ఇచ్చే తొలి హెచ్చరిక. గుంపును విడిచి గట్టు దగ్గర నెమ్మదిగా తిరగడం, ఒంటిని దేనికో రాసుకోవడం, రంగు మారడం, జిగురు ఎక్కువగా ఊరడం ఆ తరువాతి సూచనలు. తెల్లవారుజామున చేపలన్నీ నీటిపైకి వచ్చి నోళ్లు తెరిస్తే అది ప్రాణవాయువు లేమి. ఒక్క రాత్రిలో చాలా చేపలు, అందులోనూ పెద్దవి ముందుగా చనిపోతే ప్రాణవాయువు లోపాన్నే మొదట అనుమానించాలి. రోజుకు కొన్ని చొప్పున చనిపోతూ ఆ సంఖ్య క్రమంగా పెరుగుతుంటే వ్యాధి అయి ఉండవచ్చు. రెండు సందర్భాల్లోనూ మొదట పరీక్షించవలసినది నీటినే.

నివారణ, మందుల పరిమితి

నీటిని సరిచేయకుండా యాంటీబయాటిక్ వాడడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం వంటిది. జబ్బుపడిన చేప మేత మానేస్తుంది కనుక మేతలో కలిపిన మందు దానికి చేరదు, ఇంకా తింటున్న ఆరోగ్యవంతమైన చేపకు చేరుతుంది. మోతాదు లేకుండా వాడిన మందులకు బ్యాక్టీరియా అలవాటు పడుతుంది. ఆ మొండితనం చెరువుకే పరిమితం కాదు, మనుషుల వైద్యాన్ని కూడా దెబ్బతీస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి మందులను మన దేశంలో ఆక్వా సాగులో నిషేధించారు. వాటి అవశేషాలు కనిపించిన సరుకును విదేశాలు తిప్పి పంపుతాయి. పైగా గాఢమైన రసాయనాలు బలహీనపడిన చేపకు మరొక ఒత్తిడిగా మారతాయి.

నివారణ చర్యలు సాధారణమైనవే. చెరువు మోయగలిగినన్ని పిల్లలనే వదలాలి. ప్రాణవాయువును తెల్లవారుజామున, పీహెచ్‌ను ఉదయం, మధ్యాహ్నం కొలవాలి. మబ్బు పట్టిన రోజుల్లో, చేపలు తేలిన ఉదయాల్లో మేత తగ్గించాలి లేదా ఆపాలి. ఏరేటర్లను చేపలు తేలిన తరువాత కాక అర్ధరాత్రి దాటగానే నడపడం మేలు. వల లాగే ముందురోజు మేత ఆపి, చల్లని వేళలో పని ముగించాలి. చేపను తడి చేతులతో, మెత్తని వలతో పట్టాలి, నీటి వెలుపల ఉంచే సమయాన్ని తగ్గించాలి.

పిల్ల చేపల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రవాణాకు ముందు వాటిని ఇరుకైన హాపాలలో మేత లేకుండా ఉంచి అలవాటు చేసే పద్ధతి వెనుక ఉద్దేశం ఒత్తిడిని తగ్గించడమే. పొట్ట ఖాళీ అయిన పిల్ల సంచిలోని నీటిని తక్కువగా కలుషితం చేస్తుంది. చెరువు వద్దకు చేరాక సంచులను పదిహేను ఇరవై నిమిషాలు నీటిపై తేలనిచ్చి, తరువాత చెరువు నీటిని కొద్దికొద్దిగా సంచిలోకి కలపాలి. ఉష్ణోగ్రతలోనూ, పీహెచ్‌లోనూ ఒక్కసారిగా వచ్చే మార్పును ఇలా నివారించవచ్చు. ఈ కొద్ది నిమిషాల ఓపిక తరువాతి రెండు వారాల మరణాలను ఎంతో తగ్గిస్తుంది.

వ్యాధి వచ్చినప్పుడు మందు అవసరమే కావచ్చు. అయితే క్రిమిని ప్రయోగశాలలో గుర్తించి, ఏ మందు పనిచేస్తుందో పరీక్షించి, మత్స్యశాఖ అధికారుల లేదా అర్హులైన నిపుణుల సలహాతో వాడినప్పుడే అది ఫలిస్తుంది. దానితోపాటు ఒత్తిడికి మూలమైన కారణాన్ని తొలగించకపోతే మందు ఆపిన వెంటనే వ్యాధి తిరగబెడుతుంది. చేపకు నిజమైన వైద్యం అది ఊపిరి పీల్చే నీటి నుంచే మొదలవుతుంది.